సాగనంపిన మంగళవారం

అయిదూ నలభై లోకల్ కోసం నాలుగూ యాభైకే వచ్చి బెంచీ మీద చతికిలబడ్డ మనిషిని చూసి స్టేషన్ ఏమనుకుంటుంది, ఏమీ అనుకోదు, రోజుకి ఇన్ని వేలమందిని మింగి కక్కే స్టేషన్‌కి అంత తీరికెక్కడిది, అయినా బాబాయికి మాత్రం బరువు తూచే మిషను దగ్గర్నుంచి చుక్కచుక్కగా కారే మంచినీళ్ళ కుళాయి దాకా అన్నీ తనకేసే చూస్తున్నట్టుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. ఇక్కడ ఆ మాట అడిగినవాడు కూడా లేడు, బాబాయి అప్పుడే రెండుసార్లు ఎడమ భుజం దులుపుకున్నాడు. పైగా ఇక్కడికి బయల్దేరడమే అబద్ధంతో బయల్దేరాడు. ముప్పయ్యేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తూ లిఫ్టు బాబాయి అని పేరు పడ్డవాడు, ఇవాళ నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య ఇరుక్కున్న లిఫ్టుని అలాగే వదిలేసి, తలనొప్పని సూపర్‌వైజర్‌కి చెప్పి, మధ్యాహ్నం బండెక్కేశాడు. నిజం చెప్పడానికి పోతూ అబద్ధంతో బోణీ. శకునం దివ్యంగా ఉంది.

చెప్పాల్సింది పెద్ద పురాణమేం కాదు. నేను నిద్రపోలేదు బావా. మూడు మాటలు. చిన్నపిల్లాడైనా ఒక్క గుక్కలో అనేస్తాడు. తొమ్మిదేళ్ళుగా ఈ మూడు మాటలూ గొంతులో చేపముల్లులా అడ్డంపడి ఉన్నాయి, ఎన్ని ముద్దలు మింగినా దిగలేదు, ఎంత కక్కినా రాలేదు. ఇవాళతో గడువు ఆఖరు. బావ అంటే మాస్టర్, అదే సందులో ఉండే స్నేహితుడు. షర్టుల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్‌గా అతనికి ఇవాళే చివరి రోజు, దండేసి పంపిస్తారు, రేపు పొద్దున్నే ఇల్లు తాళం వేసి అక్కగారి ఊరు వెళ్ళిపోతాడు, సామానంతా మొన్ననే వెళ్ళిపోయింది. ఆ ఊరు వెళ్ళి చెప్పొచ్చుగా అంటే, ఎదురుగా ఉన్న మనిషికి తొమ్మిదేళ్ళు చెప్పలేనివాడు బస్సెక్కి వెళ్ళి చెప్తాడా, ఎవరి చెవిలో పువ్వులు పెడతావురా అని తన్ను తానే అడిగి, నోట్లోనే మళ్ళీ అనుకుని చూశాడు. నేను నిద్రపోలేదు బావా. ఏడుపు గొంతుతో అంటే నాటకంలా ఉంది. మామూలుగా అంటే టీ తాగలేదు బావా అన్నట్టుంది. కొన్ని మాటలకి తగిన గొంతు మనిషికి పుట్టుకతో రాదు కాబోలు.

ఆగని బండి ఒకటి ప్లాట్‌ఫారం అంచు కోసుకుంటూ పోయింది, కాయితాలు లేచి మళ్ళీ పడ్డాయి, పైన మైకులో ఆడగొంతు దయచేసి అంటూ మొదలుపెట్టింది. ఆ గొంతు బాబాయికి ఎంత బాగా వచ్చంటే, ఒకప్పుడు పేపరు గొట్టంలా చుట్టి నోటికి పెట్టుకుని, దయచేసి వినండి, మొదటి ప్లాట్‌ఫారానికి రావలసిన బండి మూడో ప్లాట్‌ఫారానికి వచ్చును అన్నాడంటే సగం స్టేషను మెట్ల వంతెన మీద పడి పరిగెత్తేది, రొప్పుతూ అటు దిగేసరికి బండి ఇటొచ్చి ఆగేది, తిట్లు, శాపాలు, మూడో పెట్టె రెండో తలుపు దగ్గర రోజూ కలిసి వెళ్ళొచ్చే మన ముఠా ఆరుగురూ పొట్టలు పట్టుకుని నవ్వడం. ఆ ముఠాలో నవ్వుకి ఎంత కరువు లేదో నిద్రకి అంత కరువు. అందరూ నిలబడి చేసే పనులవాళ్ళే, బండెక్కి సీటు దొరికితే రెండు స్టేషన్లు దాటకుండానే తలలు వాలిపోయేవి. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నారు. నిద్రపోయేవాడు తన వస్తువొకటి ఎదుటివాడి చేతిలో పెట్టాలి, వాచీ కావచ్చు, సంచీ కావచ్చు, మాస్టరైతే కళ్ళజోడు తీసి ఇచ్చేవాడు. వస్తువు పుచ్చుకున్నవాడికి కాపలా పడ్డట్టే, దిగే స్టేషను రాగానే లేపాలి. మాస్టర్‌ని పేరు పెట్టి పిలవక్కర్లేదు, కళ్ళజోడు ముక్కు మీద పెడితే చాలు, కళ్ళు తెరిచి, వచ్చేసిందా బావా అనేవాడు. ఆ పద్ధతికి తోకలా ఇంకో సరదా కూడా ఉండేది, దాని పేరు సాగనంపడం. కాపలావాడు లేపకుండా తానొక్కడే దిగిపోతాడు, పడుకున్నవాడు చివరి స్టేషను దాకా పోయి, అక్కడ ఊడ్చేవాళ్ళు లేపితే వెనకబండి పట్టుకుని అరగంటకి వస్తాడు, వచ్చినవాడికి ప్లాట్‌ఫారం మీద చప్పట్లు. కానీ ఎంత కోతిమూకైనా ఒక్క కట్టుబాటు మాత్రం తప్పలేదు. సాగనంపడం శనివారం మాత్రమే. మిగతా రోజుల్లో మనిషికి ఇంటి దగ్గర ఏ పనుంటుందో ఎవరికి తెలుసు, శనివారమైతే మర్నాడు సెలవు, అరగంట ఆలస్యమైతే కొంపలేం మునగవు. ఆ కట్టుబాటు పెట్టిన పెద్దమనిషి ఎవరనుకున్నారు, బాబాయే.

కొంపలేం మునగవట.

అసలు తొమ్మిదేళ్ళ కిందటి ఆ సోమవారం మాస్టర్ ఊరుకుని ఉంటే ఇదంతా ఉండేది కాదు అని తొమ్మిదేళ్ళలో కొన్ని వందలసార్లు అనుకున్నాడు బాబాయి, అనుకున్న ప్రతిసారీ సిగ్గుపడ్డాడు, సిగ్గుపడి మళ్ళీ అనుకున్నాడు. సోమవారం బాబాయి వంతు నిద్ర. కటింగ్ మాస్టర్ జేబులో సూదీదారం ఎప్పుడూ ఉంటాయిగా, బాబాయి చొక్కా అంచునీ, పక్కన కూర్చున్న లావుపాటి గుమాస్తా చొక్కా అంచునీ కలిపి, నాలుగు కుట్లు, చూడముచ్చటైన కుట్లు, చేయి తిరిగిన మనిషి పని. స్టేషన్లో బాబాయి లేవగానే గుమాస్తా కూడా లేచాడు, ఇద్దరూ కొత్త దంపతుల్లా తలుపు దాకా వెళ్ళారు. పెట్టె పెట్టంతా నవ్వింది. జోకులు వెయ్యడమే తప్ప వేయించుకోవడం అలవాటు లేనివాడికి ఆ నవ్వు ఎక్కడ గుచ్చుకుందో గుచ్చుకుంది. శనివారం దాకా ఆగాలంటే అయిదు రోజులు. ఒక్క రోజు ఆగలేకపోయాడు. మంగళవారం సాయంత్రం, ముఠాలో మిగతావాళ్ళు ముందు స్టేషన్లలో దిగిపోయాక, వీళ్ళిద్దరే మిగిలాక, మాస్టర్ ఆవులించి కళ్ళజోడు తీసి చేతిలో పెట్టాడు, కాళ్ళు పీకేస్తున్నాయి బావా అన్నాడు, పడుకో బావా నేనున్నాగా అన్నాడు బాబాయి. నేనున్నాగా. ఆ మాట అనేటప్పుడే లోపల నవ్వు పొంగుతోంది. స్టేషను వచ్చింది, బాబాయి పిల్లిలా లేచాడు, మాస్టర్ నోరు కొంచెం తెరుచుకుని ఉంది, వేళ్ళకి సుద్దముక్క మరకలున్నాయి, దిగి, కిటికీలోంచి ఆ నిద్రమొహానికి ఓ టాటా కూడా చెప్పాడు. నవ్వు నాలుగు విధాల చేటని చిన్నప్పుడు పంతులు చెప్తే, మొదటి మూడూ ఏమిటి సార్ అని అడిగి బెత్తం దెబ్బ తిన్నవాడు బాబాయి.

ఇక్కడిదాకా అయితే బాబాయి ఇంటావిడకి తెలుసు. ఇక్కణ్ణుంచి ఇంటిదాకా నడిచిన పన్నెండు నిమిషాలు మాత్రం ఎవరికీ తెలియవు, వాటిని బాబాయి తనకి తానే పూర్తిగా చెప్పుకోడు, సగంలో బండి దిగిపోతాడు. సైకిల్ స్టాండు దాటి, గేటు దగ్గర చెప్పులు కుట్టే ముసలాయన్ని దాటి, పిండిమర దాటి, ఎడమచేతి సందు, సందులో నాలుగో ఇల్లు మాస్టర్‌ది, ఏడో ఇల్లు తనది. పొద్దు తొందరగా గుంకే రోజులు. మాస్టర్ ఇంటి వంటింటి కిటికీలో చెల్లెమ్మ నిలబడి ఉంది. మాస్టర్ భార్య, బాబాయిని నోరారా అన్నయ్యా అని పిలిచేది కాబట్టే మాస్టర్ బావయ్యాడు. మీ బావగారేరీ అన్నయ్యా అంది. మీ ఆయన్ని సాగనంపానమ్మా, ఇంకో అరగంటకి ఊరేగింపుగా వస్తాడు అన్నాడు. ఇవాళ మంగళవారం కదా, మీరు మరీనూ అని నవ్వింది, నవ్వి, అరగంటా, వంటింట్లో బల్బు పోయింది, ఆయనొచ్చి వేస్తానన్నారు, చీకటి పడిపోతోంది, సర్లే నేనే స్టూలు వేసుకుని పెట్టేస్తా అంది. అంటే, అప్పటికే ఇరవయ్యేళ్ళు వైర్లతో సంసారం చేసినవాడు, మామూలు ఎత్తుకి మించిన మనిషి, స్టూలు అక్కర్లేకుండా చేయి చాపితే హోల్డరు అందేవాడు, లోపలికొచ్చి అర నిమిషంలో ఆ బల్బు బిగించి పోవచ్చు. జాగ్రత్తమ్మా అన్నాడు. జాగ్రత్తమ్మా అని, ఇంటావిడకి ఈ జోకు వేడివేడిగా చెప్పాలన్న ఆత్రంతో మూడిళ్ళు దాటి వెళ్ళిపోయాడు.

ఇంటావిడ నవ్వలేదు. పాపం, ఇవాళ శనివారం కాదుగా అంది. ఆ రోజే పట్టాల పైన కరెంటు తీగ తెగింది. ఏళ్ళ తరబడి తెగని తీగ, తెగితే ఏ ఆదివారం మధ్యాహ్నమో తెగొచ్చు, ఆ మంగళవారం ఆరుంబావుకి తెగి రెండు గంటలు బండ్లన్నీ ఎక్కడివక్కడ నిలబెట్టేసింది. ఫ్యాక్టరీలోకి ఫోన్లు తేనివ్వరు, మాస్టర్ ఫోను ఇంట్లోనే. ఆగిన బండిలో ఎవరిదో అడిగి ఇంటికి చేశాడట, మోగి మోగి ఆగిపోయిందట, ఆలస్యమైందని కోపమొచ్చింది కాబోలు అనుకున్నాడట. ఎనిమిదిన్నరకి ఇంటికొచ్చాడు, ఇల్లంతా చీకటి, కళ్ళజోడు లేదు, వంటింట్లో తిరగబడ్డ స్టూలు తగిలింది, కాలికింద గాజుముక్కలు కరకరలాడాయి, గుడ్డల మూట అనుకుని వంగాడు. ఆ కేకకి వీధి వీధంతా వచ్చింది. ఏడింటిలోపు తెచ్చినా ఏదో ఒకటి చేసేవాళ్ళమని ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు, అనకపోతే ఏం పోయింది, కొందరికి నిజం చెప్పడం ఎంత తేలికో. తెల్లవారుజామున వరండాలో గోడకానుకుని కూర్చున్న మాస్టర్ దగ్గరికి వెళ్ళి, ఏం చెయ్యాలో తెలియక, జేబులోంచి కళ్ళజోడు తీసి ముక్కు మీద పెట్టాడు బాబాయి. మాస్టర్ కళ్ళు తెరిచాడు. వచ్చేసిందా అనలేదు. నువ్వూ నిద్రపోయావా బావా అన్నాడు. బాబాయి ఊఁ అన్నాడు. అంతే. అబద్ధం కూడా నిండుగా ఆడలేదు, ఒక్క అక్షరం మూలిగాడు. మిగతాదంతా మాస్టరే అల్లి తొడిగాడు, ఉలిక్కిపడి దిగేసుంటావు, బండి కదిలిపోయి ఉంటుంది, నీ తప్పేముంది, నిద్ర నాది, కొంప నాది అని. దొంగకి తేలు కుడితే అరవలేడంటారు. తేలే దొంగని ఓదారుస్తుంటే ఆ దొంగ ఏం చెయ్యాలో సామెత కట్టినవాళ్ళు చెప్పలేదు.

ఆ తర్వాత మాస్టర్ బండిలో కూర్చోలేదు. తొమ్మిదేళ్ళు. సీటు ఖాళీ ఉన్నా కూర్చోడు, తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడతాడు, రోజంతా టేబుల్ దగ్గర నిలబడి గుడ్డ కోసి వచ్చిన మనిషి, కాళ్ళ నరాలు ఉబ్బి తాళ్ళలా అయినా కూర్చోడు. ఇంటి దగ్గరా సరిగ్గా పడుకోడని పాలవాడు చెప్తాడు. ముఠా ఒక్కొక్కరే వేరే పెట్టెలకి మారారు, ఏడుపు మొహం ఎదురుగా పెట్టుకుని ఎవరు నవ్వుతారు. బాబాయి మాత్రం జోకులు మానలేదు, మానితే ఎందుకు మానావంటారని భయం, దాంతో మునుపటికంటే రెండింతలు చేశాడు, అవి బాగా పేలాయి కూడా. మాస్టర్ ఎన్నోసార్లు ఒకే మాట అడిగాడు. పొద్దున చెప్పి వెళ్ళాను కదా బావా, నేనొచ్చి బల్బు వేస్తానని, రోజూ ఆరింటికల్లా వస్తాను కదా, ఒక్క పది నిమిషాలు ఎందుకాగలేదు అది, నా మాట మీద నమ్మకం లేకనా అని. ఆ ప్రశ్నకి భూమ్మీద జవాబు తెలిసిన మనిషి ఒక్కడే, వాడు ప్రతిసారీ తల అడ్డంగా ఊపి, ఆడవాళ్ళ తొందర బావా అనేవాడు. ఆడవాళ్ళ తొందరట. చచ్చిపోయిన మనిషి మీద కూడా ఓ చాడీ.

మైకు మళ్ళీ దయచేసి అంది. అయిదూ నలభై బండి ఎనిమిది నిమిషాలు ఆలస్యం. బాబాయికి ప్రాణం లేచొచ్చింది, వెంటనే లేచొచ్చినందుకు ఛీ అనిపించింది. లేచి టీ కొట్టు దాకా వెళ్ళాడు, వెళ్ళి టీ తాగకుండా వచ్చాడు. ఇప్పుడు మెట్ల వంతెనెక్కి అటు దిగిపోతే? మాస్టర్ వెతకడు, ఎందుకు వెతుకుతాడు, వస్తానని చెప్పనేలేదుగా. పొద్దున చెప్పులేసుకుంటుంటే ఇంటావిడ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. ఆ మంగళవారం తర్వాత బాబాయి జోకుకి ఒక్కసారి కూడా నవ్వని మనిషి, అలాగని నలుగురిలో ఒక్క మాటా బయటపెట్టని మనిషి. ఇవాళ చెప్పండి, చెప్పకపోతే ఆయన అక్కడ కూడా నిద్రపోడు అంది, అంతే. ఆవిడకి తెలిసింది సగం. బండి సగం. కిటికీ సగం ఆవిడకీ చెప్పలేదు. లిఫ్టు సగంలో ఆగినప్పుడు లోపలివాళ్ళు తలుపు బాదుతారు, ఎంతసేపు, ఎంతసేపు అని అరుస్తారు, బయటి నుంచి బాబాయి ఎప్పుడూ ఒకటే చెప్తాడు, రెండు నిమిషాలండీ, కంగారు పడకండి. ఒక్కోసారి గంట పడుతుంది. రెండు నిమిషాలండీ అని తొమ్మిదేళ్ళు.

బండి వచ్చింది. మూడో పెట్టె రెండో తలుపు సరిగ్గా బెంచీ ఎదురుగా ఆగింది, మాస్టర్ అందరికంటే ముందు దిగాడు, మెళ్ళో దండ లేదు, చేతిసంచీలోంచి దాని కొస వేలాడుతోంది. బాబాయిని చూసి ఆగిపోయాడు.

"అదేంటి బావా, ఇవాళ పనికెళ్ళలేదా? మొహం అలా పీక్కుపోయిందేం?"

"నీకోసమే వచ్చాను. ఓ మాట చెప్పాలి."

"వెళ్ళిపోతున్నానని బెంగా? గడియారం ఇచ్చారు బావా, చూడు. ఇన్నాళ్ళూ టైముకి రమ్మని చంపి, ఇక రావక్కర్లేదన్న రోజున గడియారం ఇచ్చారు."

"బావా, నేను నిద్రపోలేదు."

"రాత్రా? నాకు మాత్రం పట్టిందా ఏంటి."

"రాత్రి కాదు. ఆ మంగళవారం. బండిలో. మెలకువగానే ఉన్నాను. నిన్ను కావాలనే లేపలేదు. సాగనంపాను. నువ్వు నా చొక్కా కుట్టేశావు కదా, దానికి బదులుగా."

వచ్చేశాయి. మూడు మాటలనుకున్నవి ఇన్నయ్యాయి, గొంతు ఏడుపుగా లేదు, మామూలుగా కూడా లేదు, ఎవరిదో గొంతులా ఉంది. జనం ఇద్దరినీ రాసుకుంటూ పోతున్నారు. మాస్టర్ కళ్ళజోడు తీశాడు, చొక్కా కొసతో తుడిచాడు, పెట్టుకున్నాడు, బాబాయి మొహంలోకి చాలాసేపు చూశాడు. కొడతాడు అనుకున్నాడు బాబాయి, కొడితే బాగుండుననుకున్నాడు, చెంప ఆ దెబ్బ కోసం ముందే వేడెక్కి ఉంది.

"నువ్వెంత పిచ్చోడివి బావా," అన్నాడు మాస్టర్. "నేను ఊరెళ్ళి ఒంటరిగా కుమిలిపోతానని, నా నెత్తిమీది బరువు నీ నెత్తికెత్తుకుంటావా? ఇంత మాట కల్పించడానికి నీకు నోరెలా వచ్చింది?"

"కల్పించలేదు. నిజం."

"సర్లే. జీవితంలో నువ్వు నిజమంటూ చెప్పిన మాట ఒకటి చూపించు నాకు. మంగళవారం సాగనంపుతావా నువ్వు? ఆ కట్టుబాటు పెట్టిందే నువ్వు! నీ గురించి నాకు తెలీదా?"

"బావా, ఒట్టు..."

"ఒట్లెందుకయ్యా." మాస్టర్ చేయి వచ్చి భుజం మీద పడింది, బరువుగా, వెచ్చగా. "ఒకటి చెప్పనా? అబద్ధమైనా నువ్వా మాట అంటుంటే ఇక్కడ కాస్త తేలికైంది. తొమ్మిదేళ్ళలో నాకోసం ఇంత చేసినవాడు లేడు. అది ఆ రోజు పది నిమిషాలు ఎందుకాగలేదో, అదొక్కటీ తెలిస్తే ఇంకేం అక్కర్లేదు నాకు. దానికి మాత్రం నువ్వు కూడా అబద్ధం చెప్పలేవు కదా."

ఇప్పుడు. కిటికీ, చీకటి, అరగంటా, సర్లే నేనే పెట్టేస్తా. ఆ మాటలు మాస్టర్‌కి చెప్పితీరాల్సినవి, ఇంకెవరూ చెప్పలేనివి, విన్న మరుక్షణం నమ్మేవి. పై మాటలు నమ్మలేదంటే నమ్మలేదు, ఇవి నమ్ముతాడు. నోరు తెరిచాడు. భుజం మీది చేయి వెచ్చగా ఉంది. నాకోసం ఇంత చేసినవాడు లేడు అన్న మాట ఇంకా చెవుల్లో ఉంది, అది తీయగా ఉంది, దొంగిలించిన బెల్లం ముక్కంత తీయగా, ఆ తీపి తెలియగానే బాబాయికి తనంటే తనకే అసహ్యం వేసింది, ఆ అసహ్యంలో కూడా నోరు చప్పరించింది.

"ఆడవాళ్ళ తొందర బావా," అన్నాడు.

మాస్టర్ తలూపాడు. ఎప్పటిలాగే.

జేబులో ఫోను మోగింది, ఇంటావిడ. బాబాయి పక్కకి తిరిగి ఎత్తాడు.

"చెప్పారా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"తనకోసం ఇంత చేసినవాడు లేడన్నాడు."

అవతల కుక్కరు ఈల వేసింది. బాబాయి చెప్పిన రెండు మాటలూ అక్షరాలా నిజాలే, ఒక్కదాంట్లోనూ వంక పెట్టడానికి లేదు, అయినా అవతల ఇంటావిడ ఆ రెండింటినీ తిప్పి తిప్పి చూస్తున్నట్టే ఉంది.

"ఆయన పక్కనే ఉన్నారా?"

"ఆఁ."

"ఇంటికి తీసుకురండి. ఆయనింట్లో గిన్నెలు కూడా లేవుగా, ఇక్కడే తింటారు. మీరేం చెప్పారో, ఎలా చెప్పారో నేను అన్నం వడ్డిస్తూ అడుగుతాను."

ఫోను ఆగిపోయింది. మీ ఇంటావిడేనా అన్నాడు మాస్టర్, అవునన్నాడు బాబాయి, అన్నానికి రమ్మంటోంది అన్నాడు, అనకుండా ఉంటే ఏమయ్యేది, కానీ అనేశాడు. మాస్టర్ సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఇద్దరూ సైకిల్ స్టాండు దాటి, గేటు దాటి, పిండిమర దాటారు, బాబాయి అడుగులు ఎంత మెల్లగా వేద్దామన్నా సందు దగ్గరికొచ్చేస్తూనే ఉంది, అక్కణ్ణుంచి ఏడో ఇంటి వరండాలో దీపం వెలిగి ఉంది, గుమ్మంలో ఇంటావిడ నిలబడి ఉంది.

"నడు బావా," అన్నాడు మాస్టర్, వెనకబడ్డ బాబాయి వీపు మీద చేయి వేసి ముందుకి తోస్తూ, "ఆకలేస్తోంది."